ఉత్తరాంధ్ర తీరంలో ఇంటి గాలిమర: గాలి కొలత నుంచి తుపాను జాగ్రత్త దాకా

ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద గాలిమరల బారులు చూడాలంటే అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల గుట్టల వైపు వెళ్లాలి. రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరమున్న శ్రీకాకుళం జిల్లాలో గానీ, భోగాపురం, పూసపాటిరేగ మండలాల మేర సముద్రాన్ని ఆనుకొని ఉన్న విజయనగరం జిల్లాలో గానీ అలాంటి బారులు కనిపించవు. సాయంత్రం వేళ శ్రీకాకుళం జిల్లా బారువ ఒడ్డున నిలబడితే భుజం మీది కండువా నిలవనంత గాలి వీస్తుంది కాబట్టి, ఇంత గాలి ఊరికే పోతోందే అనిపించడం సహజం. అయితే ఒడ్డున మనిషికి తగిలే సాయంత్రపు గాలి వేరు, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు కలిపి తీసిన సగటు వేరు. గాలిమరకు కావలసింది రెండోది.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న తీర మండలాల్లో తమ ఇంటికో, తోటలోని షెడ్డుకో, బడికో 1 నుంచి 3 కిలోవాట్ల చిన్న గాలిమర పెట్టుకోవాలనుకునేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో యంత్రం గురించిన మాటలు తక్కువ. గాలిని కొలవడం గురించి, స్తంభం గురించి ఎక్కువ. మన తీరంలో గాలిమర కరెంటు ఇస్తుందా, ఇచ్చినా నాలుగు కాలాలు నిలుస్తుందా అన్నది ఆ రెండింటినే బట్టి ఉంటుంది.

ముందు కాగితం మీద లెక్క

గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మన తీరపు వేడికి, తేమకు తగ్గట్టు గాలి సాంద్రతను ఘనపు మీటరుకు సుమారు 1.15 కిలోలుగా తీసుకుంటే, సెకనుకు 4 మీటర్ల వేగంతో వీచే గాలి ఒక్కో చదరపు మీటరు గుండా దాదాపు 37 వాట్ల శక్తిని మోసుకుపోతుంది. వేగం 5 మీటర్లయితే అది 72 వాట్లకు, 7 మీటర్లయితే 197 వాట్లకు చేరుతుంది. ఇందులో ఎంతటి యంత్రమైనా 59.3 శాతానికి మించి పట్టుకోలేదని జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెట్జ్ ఒక శతాబ్దం కిందటే లెక్కకట్టి చూపాడు. ఆచరణలో ఇంటి గాలిమర, బ్యాటరీకి చేరే కరెంటును అదుపు చేసే కంట్రోలర్, బ్యాటరీ, తీగలు తినేసే నష్టాలన్నీ పోగా చేతికి అందేది 20 శాతం అనుకోవడం మంచిది. అంతకంటే చాలా ఎక్కువ వస్తుందని చెప్పే అమ్మకందారును, ఆ అంకె ఏ వేగం దగ్గర కొలిచారో చూపించమని అడగాలి.

సగటు వేగాన్ని నేరుగా ఘనం చేయడం వల్ల కూడా లెక్క తప్పుతుంది. సగం రోజు సెకనుకు 3 మీటర్లు, సగం రోజు 7 మీటర్లు వీస్తే సగటు 5 అవుతుంది. 5 ఘనం 125. కానీ 3 ఘనం 27, 7 ఘనం 343, వీటి సగటు 185. అంటే గాలి ఒకే తీరుగా వీచే చోటి కంటే హెచ్చుతగ్గులుగా వీచే చోట, సగటు ఒకటే అయినా, శక్తి ఎక్కువ దొరుకుతుంది. అందుకే వేగాల విభజన తెలియనప్పుడు సగటు ఘనాన్ని 1.9తో గుణించి అంచనా వేయడం వాడుకలో ఉంది.

ఈ లెక్కన 3 మీటర్ల వ్యాసం గల గాలిమరను తీసుకుందాం. దాని రెక్కలు సుమారు 7 చదరపు మీటర్ల గాలిని ఊడుస్తాయి. రెక్కల ఎత్తున ఏడాది సగటు వేగం సెకనుకు 4.5 మీటర్లుంటే అది రోజుకు 3.4 యూనిట్లు, అంటే నెలకు దాదాపు 100 యూనిట్లు ఇస్తుంది. సగటు 3.5 మీటర్లకు పడిపోతే నెలకు 50 యూనిట్లు కూడా రావు. పైగా చాలా యంత్రాలు 3 మీటర్ల వేగం వచ్చేదాకా కదలవు కాబట్టి అందులోనూ కొంత కోత పడుతుంది. సగటు 5.5 మీటర్లున్న చోట అదే యంత్రం నెలకు 185 యూనిట్ల దాకా ఇవ్వగలదు. కాబట్టి యంత్రం ఎన్ని కిలోవాట్లదని అడిగే ముందు దాని వ్యాసం ఎంత, అది నిలబడే చోట సగటు గాలి ఎంత అని అడగాలి. పెట్టె మీద రాసిన కిలోవాట్లు సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల గాలికి ఇచ్చేవి. అంతటి గాలి మన దగ్గర ఏడాదిలో కొద్ది గంటలే ఉంటుంది.

ఇదే జిల్లాల్లో 1 కిలోవాట్ సౌర పలకలు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తాయి. వాటికి కదిలే భాగాలు లేవు. కిలోవాట్‌కయ్యే ఖర్చు గాలిమర కంటే బాగా తక్కువ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర ఏర్పాటుకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉంది. గాలిమరకు ఆ పథకం వర్తించదు. అందువల్ల డాబా మీద ఎండ పడే జాగా ఉన్నవారు ముందు దాన్ని వాడుకోవాలన్నది నా స్పష్టమైన అభిప్రాయం. గాలిమరకు న్యాయం జరిగేది దాని పక్కన తోడుగా నిలిచినప్పుడు. నైరుతి రుతుపవనాల రోజుల్లో మబ్బు పట్టి పలకల ఉత్పత్తి తగ్గే సమయానికి గాలి పుంజుకుంటుంది; రాత్రిపూట పలకలు నిద్రపోతున్నా గాలి కొంత వీస్తూనే ఉంటుంది. ఈ రెండు కారణాలతో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యే రోజులు తగ్గుతాయి.

రొయ్యల చెరువుల వారు తరచుగా అడిగే మాటకు ఇక్కడే జవాబు చెప్పవచ్చు. 2 హెచ్‌పీ ఏరేటర్ (చెరువు నీటిలోకి గాలిని కలిపే యంత్రం) ఒకటి రాత్రి పది గంటలు తిరిగితే 15 యూనిట్ల దాకా తాగుతుంది. పైన చెప్పిన గాలిమర రోజంతా కలిపి ఇచ్చేది అందులో నాలుగో వంతు కూడా కాదు. చెరువు గట్టు మీది కాపలా షెడ్డుకు దీపాలు, ఫ్యాను, కెమెరా నడపడానికి అది సరిపోతుంది గానీ ఏరేటర్లకు సరిపోదు.

చోటు చూడడం

గాలికి అడ్డు వచ్చేదేదైనా తన వెనక చాలా దూరం దాకా గాలిని చిందరవందర చేస్తుంది. వంశధారలో బండరాయి వెనక నీరు సుడి తిరిగినట్టే, ఇంటి వెనక, చెట్ల వరస వెనక గాలి సుడులు తిరుగుతుంది. అడ్డు ఎత్తుకు రెట్టింపు ఎత్తు దాకా, ఇరవై రెట్ల దూరం దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఆ సుడుల్లో రెక్కలు ఒక్క దిక్కుకు నిలవక అటూ ఇటూ కొట్టుకుంటాయి, బేరింగులు త్వరగా అరుగుతాయి, కరెంటు రాదు. అందుకని 150 మీటర్ల పరిధిలో ఉన్న అన్నిటికంటే ఎత్తైన అడ్డు పైన మరో 10 మీటర్ల ఎత్తున రెక్కల కింది అంచు ఉండాలని నియమంగా పెట్టుకోవాలి.

ఈ నియమాన్ని మన ఊళ్లకు వర్తింపజేస్తే చాలా చోట్లు వాటంతట అవే తప్పుకుంటాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం కొబ్బరి తోటల్లో చెట్టే 18 మీటర్లుంటే స్తంభం 30 మీటర్లకు తక్కువ ఉండకూడదు. ఇంటి గాలిమరకు అంత స్తంభం కట్టడం డబ్బు పారబోయడమే. తీరం వెంట సరుగుడు తోటలకు నేల వైపున ఉన్న చోట్ల సంగతీ అంతే. పైగా సరుగుడు ఏటికేడు పెరుగుతుంది, ఈ ఏడు సరిపోయిన స్తంభం నాలుగేళ్లకు పొట్టిదవుతుంది. నౌపడ ఉప్పు మడుల వంటి బయలు నేలలు, చెట్టూ చేమా లేని చెరువు గట్లు, సముద్రం వైపు తెరిచి ఉన్న దిబ్బలు అనుకూలమైనవి. డాబా మీద గాలిమర నిలబెట్టడాన్ని మాత్రం నేను ఎవరికీ సూచించను. ఇల్లే అక్కడ అడ్డు. అంతేకాక యంత్రం అదురు శ్లాబులోకి దిగి గోడల్లో మోగుతుంది.

చెట్లు ఒకే వైపు ఒరిగి పెరిగి ఉంటే అక్కడ గాలి బలంగా ఉందనడానికి గుర్తని కొందరు చెబుతారు. కొండల మీద అది నిజమే గానీ, సముద్రపు ఒడ్డున ఉప్పు జల్లు తగిలి ఒక వైపు చిగుళ్లు మాడిపోవడం వల్ల కూడా చెట్టు అలాగే కనిపిస్తుంది. దాన్ని నమ్మి డబ్బు పెట్టకూడదు.

ఏడాది పాటు గాలిని కొలవడం

తొలి అంచనాకు కంటి చూపు పనికొస్తుంది. ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతూ చిన్న జెండా విచ్చుకొని నిలిస్తే గాలి సెకనుకు 3.4 నుంచి 5.4 మీటర్ల మధ్య ఉన్నట్టు. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగితే 5.5 నుంచి 7.9 మధ్య, ఆకులతో నిండిన చిన్న చెట్లు మొత్తంగా ఊగితే 8 దాటినట్టు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పడుకోబోయే ముందు ఒకే వేళల్లో చూసి నోటు పుస్తకంలో రాసుకుంటే, ఒకటి రెండు నెలల్లోనే ముందుకు సాగాలో వద్దో కొంత తెలుస్తుంది. సముద్రపు గాలి మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేదాకా ఉండి తర్వాత సన్నగిల్లే చోట్ల, సాయంత్రం మాత్రమే చూసినవారు అంచనా ఎక్కువ వేసుకుంటారు. రాత్రి పరిశీలన మానకూడదని చెప్పేది అందుకే.

ఆ తర్వాత పటాలు చూడాలి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ దేశం మొత్తానికి 100, 120, 150 మీటర్ల ఎత్తుల్లో గాలి పటాలు తయారు చేసింది. ప్రపంచ బ్యాంకు, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన గ్లోబల్ విండ్ అట్లాస్, నాసా వారి ‘పవర్’ అనే వాతావరణ సమాచారం ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఎత్తు సంగతి. పటంలో 120 మీటర్ల దగ్గర 6 అని ఉంటే, చెట్లు ఇళ్లు అక్కడక్కడా ఉన్న నేల మీద 18 మీటర్ల ఎత్తుకు అది సుమారు 4.1కి దిగుతుంది; శక్తి మూడో వంతుకు పడిపోతుంది. పటంలోని రంగు చూసి సంతోషించే ముందు అది ఏ ఎత్తుదో చదవాలి.

పరిశీలన, పటాలు రెండూ ఆశ కలిగిస్తే అప్పుడు గిన్నెల గాలివేగమాపకం, గాలి దిక్కు చూపే పరికరం, వాటి అంకెలను దాచే లాగర్ కొని, గాలిమర నిలబెట్టదలచిన చోటనే, వీలైతే ఆ ఎత్తుకే, సన్నని స్తంభం మీద ఏడాది పాటు ఉంచాలి. గాలిమాపకం స్తంభం కొసన, పక్కన ఏ అడ్డూ లేకుండా ఉండాలి. పక్కకు బిగిస్తే స్తంభం నీడలో పడి తక్కువ చూపుతుంది. ప్రతి పది నిమిషాల సగటును దాచేలా లాగర్‌ను అమర్చాలి. ఏడాది ఆగలేనివారు కనీసం రుతుపవనాలు మొదలయ్యే జూన్‌తో పాటు చలికాలం కూడా కలిసేలా ఆరు నెలలు కొలిచి, అవే రోజులకు నాసా సమాచారంలో ఉన్న అంకెలతో పోల్చి, ఆ నిష్పత్తితో మిగతా నెలలను అంచనా వేయవచ్చు. ఈ కొలతకయ్యే ఖర్చు గాలిమర మొత్తం ఖర్చులో చిన్న భాగమే. ఏడాది చివర సగటు 4 మీటర్లకు తక్కువ వస్తే ప్రయత్నం మానుకొని ఆ డబ్బు సౌర పలకలకు, బ్యాటరీకి మళ్లించాలి. మన రెండు జిల్లాల్లో ఎక్కువ చోట్ల జవాబు ఇలాగే రావచ్చు.

యంత్రం

అడ్డంగా తిరిగే ఇరుసు మీద మూడు రెక్కలున్న సాధారణ రకమే నమ్మకమైనది. నిలువు ఇరుసు మీద మెలి తిరిగిన రెక్కలతో అందంగా కనిపించే రకం ఏ దిక్కు గాలికైనా తిరుగుతుందనే మాట నిజమే గానీ, అదే వ్యాసానికి అది ఇచ్చే కరెంటు తక్కువ. చిన్న గాలిమరలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-2 ప్రకారం పరీక్షించారా అని అడిగి, వేగానికి ఎన్ని వాట్లో చూపే గీత పటం తీసుకోవాలి. ఉప్పు గాలికి తట్టుకోవాలంటే ఇనుప భాగాలన్నీ వేడి జింకు పూత పూసినవి, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయి ఉండాలి.

స్తంభం

మన తీరానికి వంచి పడుకోబెట్టగల స్తంభం తప్ప మరొకటి వద్దని నా ఖచ్చితమైన సలహా. అడుగున మడతబందు ఉండి, నాలుగు వైపుల నుంచి లాగి పట్టే స్టే తీగలతో నిలబడి, తాడు చుట్టి లాగే చేతి వించితో ఇద్దరు ముగ్గురు మనుషులు దించగలిగే రకం ఇది. ఇనుప కడ్డీలను జాలీలా అల్లి కట్టిన స్తంభాలు, ఒంటి గొట్టపు స్తంభాలు చూడడానికి హుందాగా ఉంటాయి. కానీ తుపాను హెచ్చరిక వచ్చిన రోజున వాటి మీదికి ఎక్కి యంత్రాన్ని విప్పగల మనిషి దొరకడు.

స్తంభం ఎత్తులో సగం నుంచి ముప్పావు వంతు దూరంలో స్టే తీగల లంగర్లు ఉంటాయి కాబట్టి 18 మీటర్ల స్తంభానికి చుట్టూ 9 నుంచి 13.5 మీటర్ల జాగా కావాలి. దించే వైపున స్తంభం పూర్తి పొడవు మేర, పైన యంత్రం పట్టేంత అదనపు చోటుతో, ఖాళీ నేల ఉండాలి. ఆ మేరలో కరెంటు లైను, దారి, పశువుల శాల ఏవీ ఉండకూడదు. మడతబందు, దానికి రెండు పక్కలా ఉన్న లంగర్లు ఒకే గీతలో, ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే స్తంభం లేస్తున్నప్పుడు ఒక పక్క తీగ బిగుసుకుపోయి, మరో పక్కది వదులై, స్తంభం వంకర తిరుగుతుంది. నిలబెట్టే మొదటిసారి యంత్రం లేకుండా ఒట్టి స్తంభాన్ని లేపి, దించి చూడాలి.

లంగర్ల విషయంలో తీరపు ఇసుక నేల మోసం చేస్తుంది. గట్టి నేలకు సరిపోయే కాంక్రీటు దిమ్మ ఇసుకలో నీరెక్కినప్పుడు ఊడి వస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం మన తీరానికి మూల గాలి వేగాన్ని (కట్టడాల లెక్కకు ఆధారంగా తీసుకునే వేగాన్ని) సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా చూపుతుంది. ఈ అంకెను చెప్పి, నేలను చూపించి, దిమ్మల కొలతలు సివిల్ ఇంజనీరు చేత లెక్కకట్టించాలి. మేస్త్రీ అనుభవం మీద వదిలేయవలసిన పని కాదు ఇది.

తీగలు, బ్యాటరీ, ఎర్తింగు

1000 వాట్లను 24 వోల్టులతో పంపితే తీగలో 42 ఆంపియర్లు పారుతాయి. 48 వోల్టులతో పంపితే 21. కరెంటు సగమైతే తీగ వేడికి పోయే నష్టం నాలుగో వంతవుతుంది. స్తంభం అడుగు నుంచి ఇంటికి దూరం ఉండే పొలాల్లో 48 వోల్టులకు తక్కువ ఎంచుకోకూడదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు వరసగా కలిపితే 7.2 యూనిట్ల నిల్వ అవుతుంది గానీ, అవి ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి.

సౌర పలకలకు అలవాటు పడిన ఎలక్ట్రీషియన్లు గాలిమర దగ్గర తడబడేది ఒక్క విషయంలో. పలకల నుంచి తీగ విప్పేస్తే ఏమీ కాదు. తిరుగుతున్న గాలిమర నుంచి లోడు తీసేస్తే దాన్ని నిలువరించే బరువు పోయి రెక్కలు అదుపు లేకుండా తిరుగుతాయి, విరుగుతాయి కూడా. అందువల్ల బ్యాటరీ నిండిన తర్వాత మిగిలిన కరెంటును వేడిగా ఖర్చు చేసే డంప్ లోడు తప్పనిసరి. అలాగే యంత్రం నుంచి వచ్చే మూడు ఫేజులను ఒకదానితో ఒకటి కలిపి రెక్కలను ఆపే బ్రేకు స్విచ్చి స్తంభం అడుగునే, చేతికందేలా ఉండాలి. కలిపేటప్పుడు మొదట బ్యాటరీని కంట్రోలర్‌కు, ఆ తర్వాతే గాలిమరను; విప్పేటప్పుడు మొదట బ్రేకు, చివర బ్యాటరీ. ఈ వరసను కంట్రోలర్ పెట్టె మీద తెలుగులో రాసి అంటించాలి.

స్తంభానికీ ప్రతి స్టే తీగకూ విడివిడిగా ఎర్తు కడ్డీలు పాతి, వాటన్నిటినీ రాగి తీగతో కలిపి, కంట్రోలర్ ముందు, పిడుగు వల్ల ఒక్కసారిగా ఎగిసే వోల్టేజిని నేలలోకి మళ్లించే సర్జ్ అరెస్టర్ పెట్టాలి. బయలు నేలలో అన్నిటికంటే ఎత్తుగా నిలిచేది ఆ స్తంభమే అయినప్పుడు పిడుగు దాన్నే వెతుక్కుంటుంది.

అనుమతులు

ఇంటి బ్యాటరీకి మాత్రమే వాడుకుంటే వ్యవహారం తేలిక. ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ లైనుకు కలపదలిస్తే ముందుగా ఆ సంస్థ అనుమతి ఉండాలి. లైను పోయిన క్షణంలో తనంతట తాను ఆగిపోయే ఇన్వర్టరే వాడాలి. అలా ఆగని ఇన్వర్టర్, లైను చచ్చిందనుకొని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు నేల తీర ప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి పునాది తవ్వే ముందే పంచాయతీలో విచారించాలి. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల వారు స్తంభం ఎత్తుకు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిరభ్యంతరం అవసరమా అన్నది తెలుసుకోవాలి. తేలినీలాపురం, తేలుకుంచి వంటి విడిది పక్షుల ఊళ్ల దగ్గర గాలిమర పెట్టకపోవడమే మర్యాద. గూడబాతులు, కొంగలు గుంపులుగా ఎగిరే ఎత్తు, రెక్కలు తిరిగే ఎత్తు ఇంచుమించు ఒకటే.

తుపాను వచ్చే ముందు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. తిత్లీ గాలి గంటకు 150 కిలోమీటర్లను అందుకుంది. అంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 11 మీటర్ల గాలికి స్తంభం మోసే బరువుకు అది దాదాపు 14 రెట్లు. ఏ బ్రేకూ ఆ గాలికి హామీ కాదు. దించడమే దారి.

వాతావరణ శాఖ తుపాను అప్రమత్తత సూచనను తీరానికి గాలి తాకే 48 గంటల ముందు, హెచ్చరికను 24 గంటల ముందు ఇస్తుంది. మొదటిది వచ్చిన రోజునే, గాలి ఇంకా మామూలుగా ఉన్నప్పుడే, ఉదయం పూట దించాలి. హెచ్చరిక దాకా ఆగితే ఈదురు గాలిలో వించి తిప్పవలసి వస్తుంది. ముందు బ్రేకు వేసి రెక్కలు పూర్తిగా ఆగాయని చూడాలి. తర్వాత వించి తాడు బిగించి, దించే వైపుకు ఎదురుగా ఉన్న స్టే తీగను చివరగా వదలాలి. దించే మేరలో మనిషి గానీ పశువు గానీ ఉండకూడదు. నేలకు చేరాక రెక్కలు విప్పి ఇంట్లో పెట్టుకోవాలి, జనరేటర్‌ను టార్పాలిన్‌లో చుట్టి తాళ్లతో కట్టాలి, స్తంభాన్ని మూడు చోట్ల మేకులకు బిగించాలి. బ్యాటరీలు నేల మీద ఉంటే వరద అందని ఎత్తుకు చేర్చాలి. ఇద్దరు ముగ్గురితో ఈ పని ఎంతసేపు పడుతుందో సెప్టెంబరులోనే ఒకసారి చేసి చూసుకోవడం అవసరం.

తుపాను పోయాక వెంటనే లేపకూడదు. లంగరు దిమ్మల చుట్టూ ఇసుక కోసుకుపోయిందేమో చూసి, తీగలను, బిగింపు మరలను మంచినీటితో కడిగి ఆరబెట్టి, తుప్పు పట్టిన తీగ ఒక్క పోగు తెగి ఉన్నా మార్చి, ఆపైన లేపాలి. మామూలు రోజుల్లోనూ మూడు నెలలకొకసారి రెక్కల ముందంచు ఇసుకకు అరిగిందేమో, బేరింగు చప్పుడు మారిందేమో, లోపలి తీగ మెలిపడిందేమో చూడాలి. స్తంభం నిలిపిన మొదటి నెల తర్వాత స్టే తీగల బిగువు తప్పక సరిచేయాలి. ప్రతి నెలా వచ్చిన యూనిట్లను రాసుకొని మొదట వేసిన అంచనాతో పోల్చాలి. గాలి బాగున్న నెలలో అంచనాలో సగం కూడా రాకపోతే డంప్ లోడు ఊరికే వేడెక్కుతోందేమో, బ్యాటరీ పాతబడిందేమో, ఒక ఫేజు తెగిపోయిందేమో ఈ వరసలోనే వెతకాలి. అవేవీ కాకపోతే గాలి వచ్చే దిక్కున కొత్తగా లేచిన ఇల్లో, పెరిగిన సరుగుడో కారణం అయి ఉంటుంది. అప్పుడు చేయగలిగింది స్తంభానికి మరో గొట్టం అతికించి ఎత్తు పెంచడం, దానికి తగ్గట్టు లంగర్లను మళ్లీ లెక్కకట్టించడం.